లిఫ్టాయన పంచని కంప్యూటర్లు

కర్టెన్లావిడకి కత్తెర పెట్టుకోవడానికి చోటు లేకుండా పోయింది. నవ్వకండి. బల్ల విలువ ఏమిటో కుట్టేవాళ్ళకే తెలుస్తుంది. గుడ్డ మొత్తం పరిచి, అంచులు సరిచూసుకుని, వంకర పోకుండా కోయాలంటే బల్ల ఖాళీగా ఉండాలి. ఆవిడ బల్ల ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంటుంది. ఇప్పుడు దాని మీద సగం కంప్యూటర్లే. మిగతా సగంలో ఆ కంప్యూటర్లకి విప్పిన మూతలు, మరలు, చిక్కుపడిన వైర్లు. పాపం కత్తెర ఒళ్ళో పెట్టుకుని పని చేసుకుంటోంది. టేపు మెళ్ళో వేసుకుంటుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే దానికీ దిక్కు లేదు.

బల్ల ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేదే. ఫ్రిజ్ మీద ఒక కంప్యూటరు. మంచం కింద ఇంకో రెండు. వంటగట్టు మీద, ఉప్పు డబ్బా పక్కన, ఇంకొకటి పగలంతా నడుస్తూనే ఉంటుంది. ఇటు పాలు పొంగుతుంటాయి, అటు ఆ తెర మీద ఎవరో ఒకాయన లిఫ్టు తాడు ఎలా మార్చాలో తాపీగా వివరిస్తుంటాడు. ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది.

ఇదంతా ఆవిడ మొగుడుగారు తలపెట్టిన పుణ్యకార్యం.

ఆయన లిఫ్టు మెకానిక్. జీవితమంతా లిఫ్టులు బాగుచేసి రిటైరయ్యాడు. వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ లిఫ్టాయనే. రిటైరయ్యాక కూడా ఒక ఆఫీసు వాళ్ళు అవసరం పడితే కబురు పెట్టేవాళ్ళు. ఆ ఆఫీసు వేరే చోటికి మారుతున్న రోజున సామాన్ల లిఫ్టు మొరాయించింది. వెళ్ళి తలుపు తీసి చూస్తే లోపల పైకప్పు దాకా కంప్యూటర్లు. ఎక్కడికి ఇవన్నీ అంటే తుక్కులోకి అన్నారు. ఆయన ప్రాణం ఉసూరుమంది. విరిగిన గొడుగు పుల్లని కూడా పారేయనివ్వని మనిషి. "నాకిచ్చెయ్యండి సార్, కొనుక్కోలేనివాళ్ళ ఇళ్ళకి పంచుతాను" అని నోరు తెరిచి అడిగేశాడు. వాళ్ళకీ మోసే బాధ తప్పింది. సరే పట్టుకుపొమ్మన్నారు.

కర్టెన్లావిడ తమ్ముడికి కంప్యూటర్ల కొట్టుంది. అతను వచ్చి, వాటిలోని పాత ఆఫీసు వ్యవహారాలన్నీ ఒక్క ముక్క మిగలకుండా తుడిచేసి, కావలసినవి కొత్తగా ఎక్కించి, విప్పడం, బిగించడం బావకి నేర్పాడు. "ఇంకేముంది బావా, రేపట్నుంచి పంచేయడమే" అని చేతులు దులుపుకుని వెళ్ళాడు. స్కూలు దగ్గర చెప్పారు, ఆసుపత్రి దగ్గర చెప్పారు, వీధంతా చెప్పారు. అడిగేవాళ్ళు రావడం మొదలుపెట్టారు. నిజం చెప్పొద్దూ, మొగుడికన్నా ఆవిడే ఎక్కువ మురిసిపోయింది. రిటైరైన రోజు నుంచీ ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న మనిషికి ఒక పని దొరికింది, అదీ పదిమందికి పనికొచ్చే పని. అంతకన్నా ఏం కావాలి?

రేపు కాస్తా ఎల్లుండి అయింది. ఎండలు పోయి వానలొచ్చాయి. ఒక్కటంటే ఒక్క కంప్యూటరు గడప దాటలేదు.

ఎందుకు దాటలేదో చెప్పాలంటే ముందు ఆయన లిఫ్టుల సంగతి చెప్పాలి. బాగుచేసిన లిఫ్టులోకి ముందు ఆయనే ఎక్కుతాడు. పైదాకా వెళతాడు, కిందిదాకా వస్తాడు, మధ్యలో ఆపుతాడు, గోడకి చెవి ఆనించి వింటాడు. బయట జనం గడియారాలు చూసుకుంటూ లోపల్లోపల తిట్టుకుంటుంటారు. ఆయన తల బయటపెట్టి "ఇంకొక్కసారి" అని మళ్ళీ తలుపు మూసేస్తాడు. తోటి మెకానిక్కులు ఆయన్ని "ఇంకొక్కసారి గారూ" అని పిలిచి ఏడిపించేవాళ్ళు. ఏడిపిస్తే ఏడిపించారు గానీ ఆయన చెయ్యి పడ్డ లిఫ్టులో ఎవరి చిటికెనవేలూ నలగలేదు. మంచి పద్ధతే, కాదన్నదెవరు? లిఫ్టులకి మంచిది. ఆ పద్ధతే తెచ్చి కంప్యూటర్ల నెత్తిన పెట్టాడు మహానుభావుడు.

ప్రతి కంప్యూటరునీ వారం పాటు స్వయంగా తనే వాడాలట. పొద్దున్నే పేపరు ముందు పెట్టుకుని, ఒక్క వేలితో వార్తలన్నీ టైపు కొడతాడు. మధ్యాహ్నం దానికి చెవి ఆనించి కూర్చుంటాడు. ఏదో ఒకటి దొరక్కుండా ఉంటుందా? పాత సరుకాయె. ఒకదాంట్లో గడియారం వెనకబడుతుంది. ఒకదానికి ఒక మీట నొక్కితే రెండక్షరాలు పడతాయి. బాగుచేస్తాడు. చేశాక? వారం మళ్ళీ మొదటికొస్తుంది.

"బావా, ఇదేమన్నా లిఫ్టా? ఆగిపోతే ప్రాణాలు పోతాయా?" అన్నాడు బావమరిది ఒకరోజు, ఓపిక నశించి.

"నీ కొట్లో కొన్నది పాడైతే నీ మీదికొచ్చి కొట్లాడతారు. ఊరికే ఇచ్చింది పాడైతే లేనివాళ్ళు ఎవరితో కొట్లాడతారయ్యా? నోరు మూసుకుని మూలన పెట్టుకుంటారు" అన్నాడు లిఫ్టాయన.

బావమరిది చెప్పులేసుకుని కొట్టుకి వెళ్ళిపోయాడు.  కర్టెన్లావిడ మాత్రం ఊరుకునే రకం కాదు.

"ఏమండీ, కంప్యూటరు కోసం వచ్చినవాళ్ళకల్లా టీ ఇచ్చి పంపిస్తున్నాం. టీ ధర్మసత్రం అని బోర్డు కట్టేసుకుందామా? కనీసం పేరైనా దక్కుతుంది" అంది.

ఆయన నవ్వేసి, ఫ్రిజ్ మీది కంప్యూటరుకి చెవి ఆనించాడు.

ఇలా జరుగుతుండగా క్యాంటీనమ్మాయి సంగతి వచ్చింది. ఆసుపత్రిలో మంచాల చుట్టూ వేలాడే పచ్చ కర్టెన్లు మన ఆవిడ కుట్టినవే. అవి అప్పజెప్పడానికి వెళ్ళినప్పుడల్లా కింద క్యాంటీన్లో కూర్చుని ఓ కప్పు టీ తాగి వస్తుంది. అక్కడ ప్లేట్లు కడిగే అమ్మాయి, అమ్మాయంటే ఇద్దరు పిల్లల తల్లి, వదినా వదినా అంటూ రెండు మాటలు మాట్లాడుతుంది. ఆ రోజు ఆ మాటల్లో బయటపడింది. అదే ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పనికి తీసుకుని, జీతమిస్తూ నేర్పిస్తారట. దానికొక పరీక్ష ఉంది. ఈ అమ్మాయి దరఖాస్తు పెట్టింది.

"ప్లేట్లు కడిగే చేత్తోనే సీసాలు కడుగుతా వదినా. పనదే, కాకపోతే గౌరవంగా ఉంటుంది. మా పిల్లలు మా అమ్మ ల్యాబులో పనిచేస్తుందని చెప్పుకుంటారు" అంది.

"మరింకేం, రాసెయ్" అంది కర్టెన్లావిడ.

"ఎక్కడ రాయను? నెట్టుకైతే ఫోను చాలంట గానీ, ఫోనులోనే రాయనివ్వరంట, కంప్యూటరే కావాలంట. బయట నెట్ సెంటర్లో కూర్చుంటానంటే కుదరదంట. గదిలో మనం తప్ప ఇంకో మనిషి ఉండకూడదు, కెమెరా చూస్తూ ఉంటుందంట. ఈసారి పోతే మళ్ళీ ఏడాదే. అప్పటికి నా వయసు దాటిపోద్ది."

అంటూనే ఫోను తీసి పాఠం చూపించబోయింది. సబ్బునీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళు పగిలిపోయి ఉన్నాయి. ఆ వేలితో ఎన్నిసార్లు రుద్దినా తెర కదల్లేదు. కొంగుకి తుడుచుకుని మళ్ళీ రుద్దింది. కదల్లేదు. "ఇది నన్నొక మనిషిగా లెక్కే చెయ్యదు" అని నవ్వింది.

ఆ నవ్వు చూశాక కర్టెన్లావిడ మనసు ఆగలేదు. "సోమవారానికి నీ ఇంట్లో కంప్యూటరు ఉంటుంది. నాదీ పూచీ" అనేసింది. పరీక్ష ఆ పై ఆదివారం. చేతిలో ఒక్క వారముంటుంది, చెయ్యి అలవాటవడానికి సరిపోతుందని ఆవిడ లెక్క.

లిఫ్టాయన కూడా కాదనలేదు. ఆ మాటకొస్తే ఆయన కళ్ళు మెరిశాయి. "అలాంటి అమ్మాయికి అన్నిట్లోకి మంచిదివ్వాలే" అని బల్ల మీదవన్నీ కలయజూసి, నల్ల డబ్బా ఒకటి ఎంచాడు. తుడిచాడు, బిగించాడు, కెమెరా ఉన్న తెరా, కీబోర్డూ పక్కన పెట్టాడు. సోమవారం పొద్దున ఇక బండి పిలవడమే తరువాయి అనగా ఆ డబ్బాకి చెవి ఆనించి అలాగే ఉండిపోయాడు.

"విన్నావా? టిక్కు టిక్కుమంటోంది."

"నాకేం వినపడలేదు."

"లోపల ఫ్యాను అరిగింది. మార్చి ఇద్దాం. రేపు."

మర్నాడు ఆ సైజు ఫ్యాను బావమరిది కొట్లో దొరకలేదు. ఆ మర్నాడు పాత సామాన్ల బజారుకి బయల్దేరాడు. కర్టెన్లావిడ గుమ్మంలో నిలబడి, ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసింది. ఇచ్చిన మాట తప్పి క్యాంటీన్లోకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళడం? ఆ అమ్మాయి ఏమీ అనదు. "పర్లేదులే వదినా" అంటుంది. ఆ పర్లేదు తలుచుకుంటేనే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. తన మీదా, మొగుడి మీదా, ఆ టిక్కుటిక్కు మీదా.

మిగిలిపోయిన కర్టెన్ గుడ్డలో డబ్బాని చుట్టింది. తెరనీ కీబోర్డునీ చుట్టింది. వీధి చివర నుంచి బండి పిలిచి ఎక్కించేసింది.

క్యాంటీనమ్మాయి ఉండేది మేడ మీద, అన్నిటికన్నా పై గది. లిఫ్టు లేదు. లిఫ్టాయన పెళ్ళాం అయ్యుండీ, మోకాళ్ళు పట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా ఆగి దేవుణ్ణీ మొగుణ్ణీ కలిపి తలుచుకుంటూ మెట్లెక్కింది. క్యాంటీనమ్మాయి ఎదురొచ్చి డబ్బా అందుకుంది. వైర్లు తగిలించడం ఇద్దరికీ రాదు. ఏ మూతి ఏ కన్నంలో పడితే అందులో పెట్టుకుంటూ పోయారు. ఒకటి ఎందులోనూ పట్టకపోతే అది వేరే కంప్యూటరుదని తెలిసింది. చివరికి మీట నొక్కితే తెర వెలిగింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా కేక పెట్టారు.

క్యాంటీనమ్మాయి వేలు తుడుచుకుని, భయంభయంగా ఒక మీట నొక్కింది. తెర మీద అక్షరం పడింది. ఇంకోటి నొక్కింది. పడింది.

"వదినా! నా వేలు దీనికి తెలిసిపోయింది" అంది.

కర్టెన్లావిడ తిరుగుదారిలో మెట్లన్నీ చకచకా దిగేసింది. మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో తెలియలేదు. ఇన్ని నెలల తర్వాత, చివరికి ఒకటి గడప దాటింది.

లిఫ్టాయన ఇంటికొచ్చేసరికి చొక్కా జేబులో చిన్న కాగితం పొట్లం ఉంది. ఫ్యాను దొరికిందన్నమాట. బల్ల మీద ఖాళీ చోటు చూసి ఆగిపోయాడు.

"ఏదీ?"

"ఇచ్చేశా."

"నేను చూడకుండానే?"

"మీరు చూస్తూనే ఉన్నారు కదండీ, ఎండాకాలం నుంచీ."

ఆయన అరవలేదు. ఆయనకి అరవడం రాదు. బల్ల అంచు మీద కూర్చుని, "ఆ ఫ్యాను ఆగిపోతుందే. ఫ్యాను ఆగితే లోపల వేడెక్కి, దానంతటదే ఆరిపోతుంది. పోనీ నేను వెళ్ళి మార్చొస్తా" అన్నాడు.

"మీరు వెళితే మార్చి రారు. సంచిలో వేసుకుని వెనక్కి పట్టుకొస్తారు, వారం రోజులు చూస్తానని. నాకు తెలీదూ మీ సంగతి? ఆరిపోతే ఆ అమ్మాయే చెబుతుంది. మీరు కదిలారో, నేను మా తమ్ముడి ఇంటికి పోతా" అని ఒంటికాలి మీద లేచింది.

 పొట్లం జేబులోనే ఉండిపోయింది. మర్నాడు కబురు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. కర్టెన్లావిడ గెలిచినట్టే తల ఎగరేసింది. "చూశారా, నిక్షేపంగా నడుస్తోంది. మీ చెవులకే టిక్కుటిక్కులు" అని అన్నం వడ్డిస్తూ కూడా దెప్పింది. ఆయన తలొంచుకుని తిన్నాడు.

శనివారం కర్టెన్లు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. క్యాంటీన్లోకి అడుగుపెడుతూనే, "ఏమ్మా, రేపేగా, బాగా చదివావా?" అని సంబరంగా పలకరించింది. క్యాంటీనమ్మాయి తొట్టి దగ్గర నుంచి తల తిప్పలేదు. ప్లేట్లు గబగబా కడిగేస్తోంది. కడిగినవే మళ్ళీ కడుగుతోంది. కర్టెన్లావిడ దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. అంతే, ఆ అమ్మాయి కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు.

"నేనేం చెయ్యలేదు వదినా. ఒట్టు. పిల్లల్ని కూడా ముట్టుకోనివ్వలేదు."

"ఏమైందే?"

"గురువారం నుంచీ కాసేపటికల్లా ఆరిపోతోంది. ముట్టుకుంటే పెనంలా కాలిపోతోంది. ఇక్కణ్ణుంచి ఒక ట్రే పట్టుకెళ్ళి విసురుతూ కూర్చుంటన్నా. ఒక చేత్తో విసురుతా, ఒక చేత్తో చదువుకుంటా. ఆరిపోతే చల్లారేదాకా ఆగి మళ్ళీ పెడతన్నా."

కర్టెన్లావిడ ఆమెని తనవైపు తిప్పుకుంది. "మరి మాకెందుకు చెప్పలేదు? ఒక్క ఫోను కొడితే పోయేదిగా?"

క్యాంటీనమ్మాయి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అన్నయ్యగారు వాటిని ప్రాణంలా చూసుకుంటారని అందరూ చెప్పారు. ఎవరికీ ఇవ్వడానికే మనసు రాదంట. నాకు ఇచ్చిన మర్నాడే పాడైందంటే నేనే చెడగొట్టాననుకోరూ? వెనక్కి పట్టుకుపోతారని భయమేసింది. ఇప్పుడు పావుగంటన్నా నడుస్తోంది కదా వదినా. అదీ పోద్దేమోనని..."

ఆవిడ ఇంటికి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. దారంతా తన నోటిని తనే తిట్టుకుంది. వచ్చీరాగానే, చెప్పులైనా విప్పకుండా, మొత్తం చెప్పేసింది. ఆగిపోతుందని ఆయన చెప్పడం, వెళ్ళనివ్వకుండా తను ఆపడం, ఆ అమ్మాయి ట్రేతో విసురుకుంటూ కూర్చోవడం. తప్పు నాదేనండీ అంది. ఇక ఆయన అనాల్సింది ఒకటే మిగిలింది, నేను చెప్పలేదూ అని. అంటే పడదామని ఆవిడ సిద్ధంగానే ఉంది.

ఆయన ఆ మాట అననే లేదు. జేబులోని పొట్లాన్ని తడుముకుంటూ, "నన్ను చూసి భయపడిందా?" అన్నాడు.

అంతే అన్నాడు. ఆ గొంతు విని ఆవిడకి ఏడుపొచ్చింది. చీమకి కూడా చెడు చెయ్యని మనిషి. తనని చూసి ఒక ఆడపిల్ల భయపడి, పెనంలా కాలే డబ్బాకి ట్రేతో విసురుతూ కూర్చుందంటే ఆయన ఎలా తట్టుకుంటాడు?

పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఆయనే ముందు నడిచాడు. సాయంత్రం వెలుగుండగానే ఆ మేడ ఎక్కారు. తలుపు తీసిన క్యాంటీనమ్మాయి ఆయన్ని చూసి పక్కకి ఒదిగి నిలబడింది. ఆయన కంప్యూటరు వైపు వెళ్ళకుండా ముందు ఆమె వైపు తిరిగాడు.

"అమ్మాయ్, పాడైంది నీవల్ల కాదు. అది అరిగిన సంగతి నాకు ముందే తెలుసు. ఇదిగో, కొత్తది జేబులోనే పెట్టుకు తిరుగుతున్నా" అని పొట్లం విప్పి చూపించాడు.

క్యాంటీనమ్మాయి ఆ అరచేతిలో పట్టే ఫ్యానుని చూసింది. తన ట్రేని చూసింది. కళ్ళు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వింది.

మార్చడం ఎంతసేపు, నాలుగు మరలు. మూత బిగించి మీట నొక్కాడు. చప్పుడు లేకుండా లేచింది. ఇక అలవాటు ఊరుకుంటుందా? కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెవి ఆనించాడు. ఒక్క వేలితో టక్కు, టక్కు అని మొదలుపెట్టాడు. వెనకాల క్యాంటీనమ్మాయి పుస్తకం గుండెలకి పట్టుకుని నిలబడి ఉంది. చదవాల్సింది ఇంకా సగం ఉంది, కుర్చీ ఒక్కటే ఉంది. అడగడానికి ఆమెకి నోరు రావడం లేదు. కర్టెన్లావిడ పళ్ళు నూరుతూ, మొగుణ్ణి గిల్లుదామని రెండడుగులు ముందుకేసింది.

అవసరం లేకపోయింది. ఒకసారి ఆపి మళ్ళీ పెట్టి చూద్దామని మీట నొక్కితే తెర నల్లబడింది, అందులో ఆయనకి వెనక నిలబడిన మనిషి కనపడింది. వెంటనే లేచిపోయాడు.

"కూర్చోమ్మా. నేను చూసింది చాలు. నీకు ఒక మాట చెప్పి వెళ్ళిపోతా" అన్నాడు. "లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలివాళ్ళు గంట కొడతారు. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి ముందు చేసే పని బాగుచెయ్యడం కాదు. తలుపు దగ్గర నిలబడి 'వచ్చాను, ఇక్కడే ఉన్నాను' అని అరుస్తా. అది వినపడగానే లోపల ఏడుపులు ఆగిపోతాయి. లిఫ్టు అప్పటికింకా కదల్లేదు, అయినా ఆగిపోతాయి. ఎంత బాగుచేసినా ఆగే లిఫ్టు ఆగుతుంది తల్లీ. గంట ఉంది గాబట్టి జనం ఎక్కుతారు. నీకు కంప్యూటరు ఇచ్చాం గానీ గంట కొట్టొచ్చని చెప్పలేదు. అది నా తప్పు."

 క్యాంటీనమ్మాయి తలూపి, కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచింది. కర్టెన్లావిడ అయితే, మాటలాడమంటే నీళ్ళు నమిలే తన మొగుడు ఇంత చెప్పాడా అని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

ఆదివారం పరీక్ష. పిల్లలిద్దర్నీ పక్కింట్లో కూర్చోబెట్టారు. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు కదా, అందుకని మొగుడూ పెళ్ళాలు తలుపు బయట మెట్ల మీద కూర్చున్నారు. ఆయన పక్కన పనిముట్ల సంచి. ఆవిడ ఒళ్ళో ఒక కర్టెన్, అంచు చేత్తో కుట్టుకుంటోంది. లోపల మీటల చప్పుడు మొదలైంది.

"ఒక్కసారి తలుపుకి చెవి పెట్టి..." అని లేవబోయాడు.

"కెమెరా వింటుంది కూడానట. కూర్చోండి" అని ఆవిడ చొక్కా పట్టుకుని లాగేసింది. వింటుందో లేదో ఆవిడకీ తెలియదు. కానీ మనిషి కూర్చున్నాడు.

మెట్లెక్కుతూ పోయేవాళ్ళు వింతగా చూశారు. ఎవరి కోసం అని ఒకరడిగారు. మా అమ్మాయి పరీక్ష రాస్తోందని కర్టెన్లావిడ చెప్పింది. అనేశాక, తప్పేముందిలే, నిజమేగా అనుకుంది.

పరీక్ష సగం దాకా గడిచి ఉంటుంది. లోపల మీటల చప్పుడు ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ రాలేదు. కుర్చీ జరిగిన చప్పుడైంది. లిఫ్టాయన లేచి నిలబడి, సంచి చేతిలోకి తీసుకున్నాడు.  ఆవిడ సూది వేలికి గుచ్చుకుంది. ఇద్దరూ తలుపు వంకే చూస్తున్నారు. పిలుపు వస్తుందేమోనని చూస్తున్నారు. పిలవలేదు. కాసేపటికి మీటల చప్పుడు మళ్ళీ వినపడింది, మునుపటికన్నా వడిగా. ఆయన మెల్లగా కూర్చున్నాడు గానీ సంచి మాత్రం కింద పెట్టలేదు.

చివరికి తలుపు తెరుచుకుంది. క్యాంటీనమ్మాయి జుట్టు రేగిపోయి, చెమటపట్టి, మొహం వెలిగిపోతూ నిలబడి ఉంది.

"అయిపోయింది వదినా! అన్నీ రాసేశా."

"మధ్యలో ఆగిందా అమ్మా?" అన్నాడు లిఫ్టాయన. ఎలా రాశావని అడగాలన్న ధ్యాస కూడా లేదాయనకి.

"ఆ, ఆగింది అన్నయ్యా. మొత్తం నల్లబడిపోయింది. నా కాలే తగిలి గోడ దగ్గర ప్లగ్గు ఊడొచ్చింది" అని నవ్వేసింది. "నేనే మళ్ళీ దోపా. ఆగిన ప్రశ్న దగ్గరే తెరుచుకుంది."

"అయ్యయ్యో! మరి పిలవలేదేం? ఇక్కడే కూర్చున్నాం కదా?"

"అందుకేగా పిలవలా. మీరు బయటే ఉన్నారు, పిలిస్తే వస్తారు. ఇంక నాకు భయమెందుకు?"

నా కాలే తగిలింది అని ఎంత హాయిగా చెప్పిందో! మూడు రోజుల కింద అయితే ఆ ముక్క నోటిలోంచి వచ్చేదా? కర్టెన్లావిడ మొగుడి వైపు తిరిగింది. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. ఆవిడ కుట్టు సర్దుకుంది.

పరీక్ష ఫలితాలకి ఇంకా టైముంది గానీ, ఆ వారంలోనే బల్ల ఖాళీ అయింది. ఫ్రిజ్ మీదిది పోయింది, మంచం కిందివి పోయాయి, ఉప్పు డబ్బా పక్కదీ పోయింది. ప్రతి డబ్బా నెత్తిన తన ఫోను నంబరు, చూపు ఆననివాళ్ళకి కూడా కనపడేంత పెద్ద అంకెల్లో రాసి అంటించాడు. పట్టుకెళ్ళేవాళ్ళకి గుమ్మంలో నిలబడి ఒకటే చెప్పాడు. "పాతది. పాడవుతుంది. మీవల్ల పాడైనా సరే, పిలవండి. నేనొస్తాను."

పిలుస్తున్నారు మరి. పొద్దున పిలుస్తారు, భోజనం వేళ పిలుస్తారు. ఒకావిడ అయితే ఏమీ పాడవకపోయినా, వస్తారో రారో చూద్దామని పిలిచింది. ఆయన సంచి భుజాన వేసుకుని చక్కా పోతాడు. కర్టెన్లావిడ బల్ల నిండా గుడ్డ పరుచుకుని, వీధిలో నడిచి వెళ్తున్న మొగుణ్ణి కిటికీలోంచి ఒకసారి చూసుకుని, కత్తెర అందుకుంటుంది.